రెండు వందల పన్నెండు ఫోటోలు

సెమాఫోర్, అడిలైడ్
మే 12, 2019

ప్రియమైన అమ్మా,

నువ్వు కారుకు కారవాన్ బండి తగిలించుకుని బయల్దేరి రేపటికి నాలుగు వారాలు. ఫోన్ చేస్తే "సిగ్నల్ సరిగ్గా లేదే" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నావు. అందుకే ఈమెయిల్ రాస్తున్నాను. ఉత్తరంలాగే చదువు, ఉత్తరంలాగే జవాబు రాయి.

ముందు పని సంగతి. నాన్న అట్టపెట్టెల్లోని పాత ఫోటోలన్నీ స్కాన్ చేయడం అయిపోయింది. మొత్తం పదకొండు వేలు. ఒక్కోటి మూడేసి చోట్ల ఉంది, నాన్న కంప్యూటర్లో, నీ ఫోన్లో, క్లౌడ్‌లో. ఉన్నదే మళ్లీ ఉంటే ఏరి పారేసేసరికి నా కళ్లు లాగేశాయి. ఇప్పుడన్నీ ఒక్క గూట్లో ఉన్నాయి. నువ్వు అక్కడ ఫోటో తీస్తే ఇక్కడ నా కంప్యూటర్లో వచ్చి వాలుతుంది. అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఫోన్లో చోటు లేదని ఏదీ డిలీట్ చేయకు. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. ముప్ఫై రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఆ తర్వాత ఇక తెచ్చుకోలేం.

ఇంకో సంగతి. నువ్వేమో కాఫిన్ బేలో ఆయిస్టర్ గుల్లలు తింటున్నానని రాశావు. నీ ఫోటోలేమో తొమ్మిది రోజులుగా స్ట్రీకీ బే అంటున్నాయి. ప్రతి ఫోటో తన ఊరూ తారీఖూ మోసుకొస్తుందమ్మా, నీకు తెలీదేమో. అక్కడేముంది? ఒక చేపల షెడ్డు, ఒక పడవ, ఎవరిదో వీపు. అంతే కనిపిస్తున్నాయి.

ముద్దులతో,
నీ టామ్‌సిన్


స్ట్రీకీ బే
మే 15

ప్రియమైన తల్లీ,

దొరికిపోయాను. కాఫిన్ బేలో ఉన్నది రెండు రోజులే. ఇక్కడికొచ్చాక కారవాన్ టైరు మొరాయించింది. కొత్తది పోర్ట్ లింకన్ నుంచి రావాలట. ఈలోపు సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద రోజుకు నాలుగుసార్లు నడుస్తున్నాను. పక్క కారవాన్ ముసలాయన "ఏమ్మా, ఊరు కొలుస్తున్నావా?" అని ఎగతాళి చేస్తున్నాడు. టీ పెట్టుకుంటాను, తాగడం మర్చిపోతాను. చలి మొదలైంది కదా, అందుకే అయ్యుంటుంది.

ఫోటోకు ఊరి పేరు ఎలా తెలుస్తుంది? ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నేను తీసేవి నీదాకా రాకుండా ఆపే మీట ఏదైనా ఉందా? ఏం లేదు, ఊరికే అడుగుతున్నాను.

ఇది చదివి ఫోన్ చేయకు. బాగానే ఉన్నాను.

ప్రేమతో,
అమ్మ


సెమాఫోర్
మే 29

ప్రియమైన అమ్మా,

టైరు రావడానికి రెండు వారాలా? పోర్ట్ లింకన్ నుంచి పాక్కుంటూ వచ్చినా ఈపాటికి చేరేది.

సోమవారం నా కంప్యూటర్లో నలభై మూడు ఫోటోలు మాయమయ్యాయి. వెతికితే చెత్తబుట్టలో ఉన్నాయి. నీ వేలు పొరపాటున తగిలిందేమో అనుకుని అన్నీ వెనక్కి తెచ్చాను. తెచ్చాక చూశాను. చూడకుండా ఉండాల్సింది. అన్నింట్లోనూ ఒకే మనిషి. పడవ కడుగుతూ, ఐసు మోస్తూ, ఎవరితోనో నవ్వుతూ. ఒక్కదాంట్లోనూ నీవైపు చూడడు. యాభైకి దగ్గరలో ఉంటాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో!

నాన్న పోయి రెండేళ్లయింది. నీకు తోడు కావాలనిపిస్తే నేను అడ్డుపడను, ఒట్టు. కానీ అతని సంగతి చెప్పకుండా ఎందుకిలా దాస్తున్నావు? అతను నిన్నేదైనా అడుగుతున్నాడా? నాకు రెండు రోజులుగా ఏ పనిమీదా మనసు నిలవడం లేదు. గిన్నెలు సగం కడిగి కంప్యూటర్ దగ్గరికి వచ్చేస్తున్నాను.

ఇంకొకటి. కంప్యూటర్లోని ఈ ఫోటోల పెట్టె మొహాలు పోల్చి ఒకరివన్నీ ఒకచోట చేరుస్తుంది. మధ్యలో మనల్ని అడుగుతుంది, "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని. నిన్న అలా అడిగింది. ఒకవైపు ఈ పడవ మనిషి. రెండోవైపు మీ నాన్న, క్లారీ తాతయ్య, 1958లో పోర్ట్ పిరీ స్టేషన్లో లాంతరు పట్టుకుని. పిచ్చి యంత్రం అని నవ్వుకుని "కాదు" నొక్కాను. ఇంకో ఫోటో తెచ్చి మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది. మూడోసారి నాకు నవ్వు రాలేదు.

అమ్మా, ఎవరతను?

టామ్‌సిన్


స్ట్రీకీ బే
జూన్ 3

ప్రియమైన నా బంగారు తల్లీ,

మూడు రోజులుగా రాసి కొట్టేస్తున్నాను. ఈసారి కొట్టేయను.

నీకంటే ముందు నాకొక బాబు పుట్టాడు. 1970 ఆగస్టులో. అప్పుడు నాకు పదిహేడేళ్లు. మీ తాతయ్య నన్ను రైల్లో అడిలైడ్ తీసుకొచ్చి పెళ్లికాని తల్లుల ఆశ్రమంలో దింపి, స్టేషన్‌కు తిరిగి వెళ్లిపోయాడు. కాన్పప్పుడు నా కళ్లకు అడ్డంగా దుప్పటి పట్టారు. ఏడుపు విన్నాను, అంతే. కొన్నాళ్లకు దత్తత కాగితం మీద సంతకం పెట్టించారు. ఇంటికొచ్చాక మా అమ్మ "జ్వరం తగ్గిందా?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో దాని గురించి వినబడిన మాట అదొక్కటే. మీ నాన్నకు చెబుదామని ప్రతి ఆగస్టులోనూ అనుకున్నాను. చెప్పలేకపోయాను.

ఆయన పోయాక ప్రభుత్వ ఆఫీసులో అర్జీ పెట్టి పేరు తెచ్చుకున్నాను. గ్రాంట్ షిర్మర్. ఈ ఊళ్లోనే చేపలు పట్టి అమ్ముతాడు. టైరుకేమీ కాలేదు తల్లీ.

రోజూ వెళ్లి చేపలు కొంటున్నాను. మొన్న అడిగాడు.

"ఏమ్మా, కారవాన్ నిండా పిల్లులున్నాయా? ఒక్క మనిషికి ఇన్ని చేపలా?"

"నాకు చేపలంటే ఇష్టం."

"నాకసలు పడవు, కోడే తింటా. ఎవరికీ చెప్పకండి, నా కొట్టు మూతపడుద్ది."

నవ్వాను. చేపలు తీసుకుని బయటికొచ్చేశాను. ఇవాళ చెప్పేస్తానని రోజూ వెళ్తాను. చేపలు తెచ్చుకుంటాను. దూరంగా నిలబడి ఫోటో తీసుకుంటాను. వాటిని పెద్దవి చేసి చెవులు చూస్తాను, చేతివేళ్లు చూస్తాను. నువ్వు చూస్తున్నావని తెలిశాక చెరిపేశాను. నువ్వేమో అన్నీ తిరిగి తెచ్చిపెట్టావు. నిన్ను తిట్టనా, నీకు దండం పెట్టనా?

కోపం వస్తే వచ్చిందని రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

అమ్మ


సెడ్యూనా
జూన్ 11

ప్రియమైన టామ్‌సిన్,

"కోపం లేదు, దిగులుగా ఉంది, వెంటనే చెప్పెయ్" అని నువ్వు పంపిన ఒక్క ముక్క అందింది. చెప్పేశాను. చెప్పేశాననడం కూడా తప్పే. బయటపడిపోయింది.

పర్సు తీయడానికి ఫోన్ బల్లమీద పెట్టాను. దాని మీద అతని ఫోటోయే ఉంది. తీసి చూశాడు.

"ఇది నేనే కదా?" వేలితో పక్కకు జరిపాడు. "ఇదీ నేనే. ఇదీ... ఎవరు మీరు? మత్స్యశాఖవాళ్లు పంపారా?"

"నేను నిన్ను కన్నదాన్ని," అన్నాను. నెలరోజులుగా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

నీళ్ల గొట్టం కట్టేశాడు. చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "మా అమ్మ ఈ ఊళ్లోనే వృద్ధాశ్రమంలో ఉంది. ఎనభై ఏడేళ్లు. మా అమ్మంటే ఆవిడే," అన్నాడు.

"అవును," అన్నాను.

"నేను దత్తుడినని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అది కాదు నా బాధ. ఇన్నాళ్లూ దొంగచాటుగా నన్ను ఫోటోలు తీస్తారా? పలకరించడానికి నోరు లేదా?"

"లేకపోయింది," అన్నాను.

"అవన్నీ తీసెయ్యండి. ఒక్కటి కూడా ఉండకూడదు."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "మీవైపు గుండెజబ్బులున్నాయా?" అన్నాడు. మా నాన్న అరవై రెండేళ్లకే గుండెపోటుతో పోయాడని చెప్పాను. తలూపాడు.

అందుకే ఊరు వదిలి సెడ్యూనా వచ్చేశాను. నువ్వు రెండు పనులు చేసిపెట్టాలి. అతని ఫోటోలు రెండు వందల పన్నెండు ఉన్నాయి. ఎక్కడున్నా అన్నీ తీసెయ్, చెత్తబుట్టలోంచి కూడా. నేను నా ఫోన్లో మొదలుపెట్టి ఆరు ఫోటోల దగ్గర ఆగిపోయాను. రెండోది, క్లారీ తాతయ్యవీ అమ్మమ్మవీ నావీ ఓ నలభై పాత ఫోటోలతో ఒక ఆల్బమ్ కట్టి, దాని లింకు నాకు పంపు. కార్డు మీద రాసి పోస్టులో అతనికి వేస్తాను. తన ఫోటోలు నా దగ్గర వద్దనే హక్కు అతనికుంది. తనవాళ్ల మొహాలు చూసుకునే హక్కు కూడా ఉంది కదా.

అమ్మ


సెమాఫోర్
జూన్ 13

ప్రియమైన అమ్మా,

తీసేశాను. కంప్యూటర్లో, క్లౌడ్‌లో, చెత్తబుట్టలో కూడా. "ఇవి ఇక తిరిగి రావు, సరేనా?" అని అడిగింది. సరే నొక్కడానికి ముందు లేచి వీధి చివరిదాకా నడిచొచ్చాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ నలభై మూడూ మాయమైన రోజునే నీకు చెప్పకుండా విడిగా ఓ డిస్కులో కాపీ దాచాను. నిన్నెవరో మోసం చేస్తున్నారనీ, పోలీసులకు చూపించాల్సి వస్తుందనీ భయపడ్డాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలీదు. ఉంచుకుందామనే అనిపించింది. కానీ వద్దన్నాడు కదా. అదీ చెరిపేశాను. ముందు ఒక్కసారి చూశాను, ఆ ఒక్కసారికీ క్షమించు.

ఆల్బమ్ లింకు కింద ఉంది. అది తెలిసినవాళ్లు చూడొచ్చు, తమ ఫోటోలు కూడా పెట్టొచ్చు.

నీ టామ్‌సిన్


సెమాఫోర్
జులై 8

ప్రియమైన అమ్మా,

మూడు వారాలుగా రోజూ పదిసార్లు ఆ ఆల్బమ్ తెరిచి చూశాను. ఎవరూ తొంగిచూడలేదు. రోజూ నువ్వడగడం, నేను ఇంకా లేదనడం. నిన్నటికి నువ్వు అడగడం కూడా మానేశావు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం చేస్తుంటే కంప్యూటర్ గంట కొట్టింది. ఆల్బమ్‌లో కొత్త ఫోటో. ఒక ముసలామె మంచం మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటికి ఎత్తిపెట్టి, టాబ్లెట్‌ను ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. తెరమీద ఉన్నది పదహారేళ్ల నువ్వు. కింద రాశాడు: "అమ్మకు చెప్పకూడదనుకున్నా. చెప్పకుండా ఉండలేకపోయా. ఇన్నాళ్లు ఆగినందుకు నన్ను బాగా తిట్టింది. గ్రాంట్."

ఆ తర్వాత ఆగకుండా వస్తూనే ఉన్నాయి. వాళ్లమ్మ ఎల్వాగారి పాత ఆల్బమ్ పేజీలను ఫోన్‌తో తీసి పంపుతున్నాడు. సగం వంకర, మూలల్లో అతని బొటనవేలు. బడికి వెళ్తూ, విరిగిన పన్నుతో, మొదటి పడవలో, పెళ్లిలో. వెనక్కి, వెనక్కి వెళ్తున్నాడు. లెక్కపెట్టడం మానేశాను. నాకు ఒక అన్న ఉన్నాడు అని పైకే అని చూశాను. కుక్క తలెత్తి చూసింది.

చివరిదాని కింద ఇలా ఉంది: "పదిహేను రోజుల పిల్లాణ్ణి. ఇది ముందు నన్ను కన్నావిడే చూడాలంటోంది అమ్మ. వచ్చే ఆదివారం మూడింటికి టీకి రమ్మంటోంది, మీ ఇద్దర్నీ. నన్ను గ్రాంట్ అని పిలిస్తే చాలు. అంతకంటే ఎక్కువ ఇప్పుడే నావల్ల కాదు."

వేలెడంత బొమ్మలో తెల్లటి శాలువా ఒక్కటే కనిపించింది. పెద్దది చేయకుండా కంప్యూటర్ మూసేశాను. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి నీ దగ్గరుంటాను. నాకోసం ఆగకు. ఇది చదవగానే టీ పక్కన పెట్టి, కూర్చుని, ఫోన్ తెరువు.

నువ్వు చూపిస్తే నేనూ చూస్తాను.

నీ టామ్‌సిన్