కడుపు నాది, కబురు వాళ్ళకి

ఆగస్టు 11
కుట్లు తీసేసేరు. మూడు చిన్న గాట్లు. ఇంతేనా అనిపించింది. చలికాలం నుంచీ కడుపునొప్పంటే గ్యాస్ అన్నారు, వేడి చేసిందన్నారు, మాత్రలు రాసేరు. చివరికి స్కూల్ గ్రౌండులో పిల్లల చేత ఖోఖో ఆడిస్తూ, విజిల్ నోట్లో ఉండగానే కూలబడిపోయేను. అపెండిసైటిస్ అన్నారు, ఆ సాయంత్రమే కోసేరు. డాక్టరు నవ్వుతూ — "అపెండిక్స్ గయా, టెన్షన్ గయా!"
పోయింది కదా. సరే.

ఆగస్టు 19
మా ఆయన ఫోన్ పట్టుకుని క్వార్టర్ బయటికెళ్ళేడు. ఎవరంటే, "స్టీలు ప్లాంటులో మా షిఫ్ట్ వాళ్ళు." లోపలికొచ్చి దానిమ్మకాయ ఒలిచి గిన్నెలో పెట్టేడు. పెళ్ళయ్యేక ఎప్పుడైనా ఒలిచేడా?

ఆగస్టు 20
పక్కనే కోహ్కా నుంచి తమ్ముడు ప్రసాదొచ్చేడు. బావా బామ్మర్దీ స్కూటర్ దగ్గరే నిలబడి మాటలు. నేను గుమ్మంలోకి రాగానే ఆపేసేరు.
"ఏట్రా?"
"ఏటీ లేదక్కా. వాన గురించి."
వాన గురించి మాట్లాడితే కళ్ళెర్రబడతాయా?

ఆగస్టు 22
గ్రౌండుకి ఎప్పుడెళ్ళొచ్చని మా ఆయన్ని అడిగితే, "ఈ యేడు మానెయ్, విజ్జీ. రెస్టు తీసుకో."
అపెండిక్స్‌కి యేడాది రెస్టేటి?

ఆగస్టు 24, ఆదివారం
జరిగింది జరిగినట్టు రాస్తాను.
చర్చిలో ఆరాధన అయ్యేక రాహేలమ్మ గారు నన్ను ముందుకి పిలిచేరు. సంఘంలో అందరికన్నా పెద్దావిడ. నెత్తి మీద చెయ్యి పెట్టి గట్టిగా — "ప్రభువా, నీ కుమార్తె విజయ కడుపులో దాగున్న ఆ కాన్సరుని వేళ్ళతో సహా పెకలించు తండ్రీ..."
అందరూ, "ఆమెన్."
ఏ కాన్సరు?
కళ్ళు తెరిచేను. మా ఆయన గట్టిగా మూసుకునే ఉన్నాడు. పక్కన తమ్ముడు. చుట్టూ ముక్కు చీదుకుంటున్న ఆడవాళ్ళు. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. అంటే తెలుసు. చర్చి మొత్తానికి తెలుసు.
నాకు తప్ప.

అదే రోజు, ఇంటికొచ్చేక
అరిచేను. పక్క క్వార్టర్ వాళ్ళు విన్నా సరే.
"డాక్టరు చెప్పొద్దన్నాడా?"
"నేనే వద్దన్నాను. తట్టుకోలేవని..."
"రాహేలమ్మ గారు తట్టుకోగలరా?"
"ప్రార్థన కోసం చెప్పేను, విజ్జీ."
నా సంగతి దేవుడికి చెప్పేడు. నాకు చెప్పలేదు.
చేతిలో స్టీలు గ్లాసు గోడకేసి కొట్టేను. సొట్టపోయింది. కోపం తగ్గలేదు.

ఆగస్టు 25
మాట్లాడలేదు. వండలేదు.

ఆగస్టు 27
ఒక్కదాన్నే ఆటోలో ఆస్పత్రికెళ్ళేను. డాక్టరు నా వెనక గుమ్మం వైపు చూసి — "హస్బెండ్ నహీ ఆయే?"
కడుపు నాది, నాకే చెప్పండి అన్నాను. హిందీలోనే. అరిచినట్టే.
అప్పుడు చెప్పేడు. అపెండిక్స్‌లోనే గడ్డట. దాని వల్లే దారి మూసుకుపోయి వాచిందట. పైకి అచ్చం అపెండిసైటిస్ లాగే ఉంటుందట. కోసిన ముక్క పరీక్షకెళ్ళేక గానీ బయటపడదట.
నమ్ముతాను. నా కోపం దాని మీద కాదు. చలికాలమంతా కడుపు నొక్కనైనా నొక్కకుండా గ్యాస్ మాత్రలు రాసినవాళ్ళ మీద. తెలిసేక, నా నంబరుండగా నా మొగుడికి ఫోన్ చేసిన ఈయన మీద.
"మామూలుగా ఫ్యామిలీకే చెప్తాం..."
"నేను ఫ్యామిలీ కాదా?"
కాగితాలు సర్దుకున్నాడు. ఇంకో ఆపరేషను కావాలి. పెద్దపేగులో కుడివైపు భాగం, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు తీసెయ్యాలి. రాయ్‌పూర్‌లో. ఎక్కడిదాకా పాకిందో స్కాన్ చూసి చెప్తారట.
ఆటోలో ఏడ్చేను. డ్రైవర్ భయ్యా అద్దంలో చూసి పాటలు ఆపేసేడు. ఇంటి ముందు దిగేటప్పటికి మొహం తుడుచుకున్నాను. మా ఆయనకి కనబడకూడదు.

సెప్టెంబరు 3
రాయ్‌పూర్. స్కాన్‌లో ఇంకెక్కడా కనబడలేదు.
"కనబడలేదంటే, లేదనా?"
"తెరిచి చూస్తే గానీ చెప్పలేను." ఇక్కడి డాక్టరమ్మ. నా మొహంలోకి చూసి చెప్పింది, మా ఆయన మొహంలోకి కాదు.
భయమేసింది. అయినా బాగుంది.

సెప్టెంబరు 5
నన్నడక్కుండా మా ఆయనా తమ్ముడూ ఆపరేషనుకి విశాఖకి రైలు టికెట్లు తీసేసేరు. దుర్గ్‌లో ఎక్కాలట. "అక్కడ మనవాళ్ళుంటారక్కా." ఏ మనవాళ్ళు? నేను పుట్టింది ఇక్కడ, ఈ ప్లాంటు క్వార్టర్లలో, సెక్టర్ 4లో. కాన్సిల్ చేయించేను. ఆ డాక్టరమ్మ చేతే చేయించుకుంటాను.
మా ఆయన గుమ్మంలో కూర్చుని — "నాకు భయమేసింది, విజ్జీ. నీ దగ్గర నోరు రాలేదు."
చర్చిలో వచ్చింది కదా... అనలేదు. జాలేసి కాదు. అలిసిపోయేను.

సెప్టెంబరు 10
వార్డులో మంచం. రేపు పొద్దున్నే ఆపరేషను. సంతకం నేనే పెట్టేను.
మా ఆయనతో చెప్పేను — రేపు డాక్టరమ్మ బయటికొచ్చి ఏం చెప్పినా, ముందు నాకే తెలియాలి.
"నువ్వు మత్తులో ఉంటావు కదే."
"నాకు మెలకువొచ్చేదాకా ఆగు. నువ్వూ వినకు."
"అంతసేపు ఏటీ తెలీకుండా ఎలగ కూర్చుంటాను?"
"నన్ను కూర్చోబెట్టేవు కదా."
నా చెప్పులు మంచం కిందికి సర్దుతూ ఉండిపోయేడు.