ఫ్యాన్ ఆగిన పూట

గోదావరిఖని,
బుధవారం.

ప్రియమైన ఎలిజబెత్‌కు,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేను, సారిక, మీ అమ్మ ముగ్గురం బాగానే ఉన్నాం. మస్కట్ ఎండల్లో నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని నమ్మి రాస్తున్నాను. మీ ఆసుపత్రిలో నీతో పనిచేసే అక్క సెలవు మీద వస్తూ తెచ్చిన నీ ఉత్తరం శనివారం అందింది. సారికే ముందు చదివేసింది. "నాయినా, నీకు రాసిన ముచ్చట్లు గూడ సదివిన, ఏమనుకోకు" అంది. పద్నాలుగేళ్ళు వచ్చాక వాళ్ళను ఆపడం మన తరమా!

నువ్వు అడిగినవి వరుసగా చెప్తాను. మీ అమ్మ మోకాలికి దవాఖానలో సూది వేశారు. నొప్పి తగ్గిందో లేదో గానీ, తిట్టడానికి ఒక డాక్టరు దొరికాడని ఆమెకు హుషారు వచ్చింది. సారిక కళ్ళద్దాలు మార్పించాను. లెక్కల్లో మార్కులు పెరిగాయి, జవాబులు చెప్పడంలో పొగరూ పెరిగింది. అది నీ పోలికే.

నా కొత్త డ్యూటీ ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదని రాశావు. ఫోనులో నేను సరిగ్గా చెప్పలేదు. మన రామగుండం రోడ్డు మీద కట్టిన ఆ కిటికీలు లేని తెల్ల బిల్డింగే డేటా సెంటర్. అది ఏ ఒక్క ఫోను కంపెనీదీ కాదు. నలుగురు ఫోను వాళ్ళు, ఇద్దరు కేబుల్ నెట్ వాళ్ళు, ఇంకా బ్యాంకుల వాళ్ళు తమ తమ మిషన్లు తెచ్చి మా దగ్గర పెట్టుకుంటారు. ఒకరి తీగ ఇంకొకరికి కలపాలన్నా అక్కడే కలుపుతాం. బస్టాండు అనుకో. బస్సులు ఎవరివైనా కావచ్చు, ప్లాట్‌ఫారం మాత్రం అందరిదీ. ఇదివరకు ఇక్కడి నుంచి మంచిర్యాలకు ఒక ఫొటో పంపితే అది హైదరాబాదో చెన్నైయో పోయి తిరిగి వచ్చేదట. నది దాటితే మంచిర్యాల, ఫొటో మాత్రం అంత దూరం తిరగాలి! ఇప్పుడు ఇక్కడే మలుపు తిరిగిపోతుంది. పెద్ద ఊళ్ళకే ఉండే ఈ వసతి మనలాంటి ఊళ్ళకు కూడా వస్తోందంటే నాకు నిజంగానే గర్వంగా ఉండేది. ఇన్నేళ్ళూ మన ఊరు బొగ్గు పంపింది, కరెంటు పంపింది. ఆ కరెంటుతో నడిచేది ఒకటి మన దగ్గరికి రావడం ఇదే మొదలు.

అందులో నా పని జనరేటర్లు, ప్యానెళ్ళు చూసుకోవడం. బొగ్గు బాయిలో పదహారేళ్ళు కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేసిన అనుభవం చూసే నన్ను తీసుకున్నారు. ఏడాది నిండగానే పర్మనెంట్ చేస్తామన్నారు. వచ్చే నెలతో ఏడాది నిండుతుంది. అందుకే ఒకటో తారీఖున నువ్వు అక్కడ రాజీనామా ఇచ్చి వచ్చేస్తానని రాశావు. ఆ వాక్యం దగ్గర సారిక పెన్సిలుతో గీత గీసి పెట్టింది.

ఇక నీ చివరి ప్రశ్న. ఆ మంగళవారం పొద్దున మూడుసార్లు చేస్తే ఒక్కసారి కూడా ఎందుకు కలవలేదని అడిగావు. నెట్ రాలేదని ఫోనులో అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఎందుకు రాలేదో చెప్పాలని ఆ తర్వాత రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. నీ గదిలో ఇంకో అయిదుగురు ఉంటారు. నువ్వు ఏడవాలన్నా దుప్పటి కప్పుకుని ఏడవాలి. అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున మిషన్ల హాల్లో ఒక ప్యానెల్ బిగించడానికి వెళ్ళాను. ఎప్పుడూ బయట జనరేటర్ షెడ్డులోనే ఉంటాను, మిషన్లు నడుస్తుండగా లోపలికి పోవడం అదే మొదటిసారి. హాల్లో మమత ఒక్కతే ఉంది. కమాన్‌పూర్ నుంచి వస్తుంది, పొడవాటి కర్రకు గుడ్డ కట్టి మిషన్ల పైన దుమ్ము తుడుస్తుంది. అత్తను, ఇద్దరు పిల్లలను ఆ జీతంతోనే సాకుతోంది. పదకొండు గంటలకు లైన్ కరెంటు పోయింది. మిషన్లు బ్యాటరీల మీద నడుస్తూనే ఉన్నాయి. చల్లగాలి ఫ్యాన్లు మాత్రం జనరేటర్ అందుకునే దాకా పది పదిహేను సెకన్లు ఆగుతాయి. ఈ సంగతి నాకు తెలుసు, ఆ జనరేటర్ నాదే కదా! కానీ ఫ్యాన్ ఆగిన ఆ నిశ్శబ్దాన్ని లోపల నిలబడి ఎప్పుడూ వినలేదు.

బాయిలో నాకు పని నేర్పిన గట్టయ్య కాక నీకు తెలుసు. ఆయన మొదటి రోజే చెప్పాడు: "ఫ్యాన్ ఆగిందంటే ఆలోచన చెయ్యకురా. గాలి ఆగితే గ్యాస్ జమైతది, ఒక్క నిప్పురవ్వ చాలు. ముందుగాల కరెంటు తియ్, ఎనుక మనుసుల తియ్. ఆలోచన పైకొచ్చినంక చేసుకో." పదహారేళ్ళు అదే చేశాను. ఆ రోజూ అదే చేశాను. గోడకున్న ఎర్ర బటన్ కొట్టి "మమతా, బయటికి ఉరుకు!" అని అరిచాను. ఆ బటన్ మంటలు అంటుకుంటే తప్ప ముట్టకూడదు. అది బ్యాటరీలను కూడా కోసేస్తుంది. ఒక్కసారిగా అన్ని మిషన్లూ చచ్చిపోయాయి. నేనున్నది బాయి కాదని అప్పుడు గుర్తొచ్చింది.

యాభై నిమిషాలు ఊరంతా ఆగింది. దవాఖానలో చీటీలు రాలేదు. పింఛనుకు వేలిముద్ర పడక ముసలివాళ్ళు ఎండలో నిలబడ్డారు. నువ్వు చేసిన మూడు ఫోన్లూ ఆ యాభై నిమిషాల్లోనే పోయాయి.

ఇంతవరకూ పొరపాటు. తప్పు దీని తర్వాత జరిగింది. ఆ బటన్ మీది మూతను అంతకుముందు తనిఖీకి తీసి మళ్ళీ బిగించలేదు. ఆ గోడ వైపు కెమెరా ఇంకా పెట్టలేదు. మేనేజర్ రుత్విక్ సారు ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. మమత "నేను గాదు సార్, గా బటన్ దిక్కు పోనే లేదు" అంది. ఆయన ఆమె చేతిలోని కర్ర చూసి, నా వైపు చూశాడు. "నేను చూడలేదు సార్" అన్నాను. కర్ర తగిలిందని రాసుకుని ఆమెను డ్యూటీకి రావద్దన్నారు. నేను పోయి జనరేటర్‌కు నూనె పోశాను. సిగ్గు లేదా అని అడగకు ఎలీ, ఉంది. సిగ్గుకు మించిన ఆశ కూడా ఉంది. నువ్వు ఇంటికి వస్తావన్న ఆశ.

మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. ఎవరికైనా అన్యాయం చేసి సరిదిద్దుకోకుండా ఆ రొట్టె ముట్టకూడదని మన ఇద్దరికీ చిన్నప్పుడే నేర్పారు. వరుసంతా లేచింది, నేను లేవలేదు. సారిక ఒకటే చూడటం. బయటికొచ్చాక మన చర్చి ముసలమ్మ సారవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఏంది బిడ్డా, బల్ల కాడికి రాలే? ఎవలతోనన్న పంచాది ఉంటే జల్ది తెంపుకో. ఆకలితోని గా రొట్టె తినరు, సాఫు మనసుతోని తింటరు" అంది.

సోమవారం పొద్దున్నే రుత్విక్ సారు గదికి వెళ్ళి చెప్పేశాను. "ఎందుకు నొక్కారు సామ్యేల్ గారూ?" అన్నాడు. "ఫ్యాన్ ఆగింది సార్" అన్నాను. బాయి దిగని మనిషికి ఆ జవాబు ఎట్లా అర్థమవుతుంది? మమతను మళ్ళీ పిలుస్తామన్నారు. నా పర్మనెంట్ కాగితం ఆగిపోయింది. పై ఆఫీసు ఏదో ఒకటి తేల్చేదాకా నన్ను గేటు లోపలికి రావద్దన్నారు. పొరపాటును క్షమించేవారేమో, అబద్ధాన్ని క్షమించరని ఆయన మాటల్లోనే తెలిసింది.

అటు నుంచి అటే కమాన్‌పూర్ పోయి మమత గడప ముందు నిలబడ్డాను. అంతా చెప్పి చేతులు జోడించాను. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నువ్వే కొట్టినవని నాకు ఎరికే అన్నా. నా కండ్ల ముందట్నే కొడితివి గద."

"మరి ఎందుకు చెప్పలేదు చెల్లె?"

"ఎట్ల జెప్పాలె? రోజు బువ్వ తినే కాడ మా ఇంటామె వస్తంది, మా ఇంటామె వస్తంది అంటివి. నీ అంతట నువ్వే జెప్తవని సూసిన." మళ్ళీ తనే, "నా పిల్లలు గూడ తినాలె గద అన్నా. ఈ వారం సూసి నేనే జెప్పేదాన్ని" అంది.

ఆ నీళ్ళు తాగి, గ్లాసు నేనే కడిగి ఇచ్చి వచ్చాను ఎలీ.

సారికకు నేనే చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం వడ్డిస్తోంది.

నాలుగేళ్ళుగా మన మంచం సగం ఖాళీగానే ఉంది. నువ్వు రావాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్ళు ఈ భూమి మీద లేరు. అయినా ఈ మాట నా చేత్తోనే రాయాలి: ఒకటో తారీఖున రాజీనామా ఇవ్వకు.

ఇట్లు,
సారిక నాయిన,
నీ సామ్యేల్.