‘ఏమండీ’ అంటే పలికే కుక్క విషయమై

నేను, కుట్టుపని చేసి కళ్లు అరగదీసుకున్న మనిషిని, బస్సు డ్రైవరుగా పనిచేసి పోయిన ఏడాది కన్నుమూసిన ఆయన భార్యను, వీధిలో అందరూ గుండీలమ్మ అని పిలిచేదాన్ని, నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. గుండె గురించి మాత్రం అలాంటి కాగితం ఇవ్వనన్నారు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఆస్తి కాదు, ఒక కుక్క. దిక్కులేని కుక్కల్ని ఉంచే వసతిగృహం నుంచి దాన్ని తెచ్చుకోవాలనుకున్నాను. నా తర్వాత ఎవరు చూస్తారో రాసిస్తేగాని ఇవ్వనంది అది నడిపే ఆవిడ. న్యాయమే అనిపించి మొదలుపెట్టాను.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు సామానుతో సహా, సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. బాల్కనీ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుంది, పైకెత్తి తొయ్యాలి. కుక్క సంగతి చెప్పగానే, ‘నిన్ను చూసుకోవడానికే మనిషి లేదు, నువ్వు దాన్ని చూస్తావా అమ్మా?’ అంది. కోపంతో కాదు, భయంతో అంది. నాకు కోపం లేదు.

2. గుండీల డబ్బా నా మనవరాలికి. చిన్నప్పుడు వాటిని రంగుల వారీగా పేర్చి, మళ్లీ అన్నీ కలిపేసేది. ఇప్పుడు పెద్దదైంది. నవ్వినా సరే, ఇవ్వాలి.

3. మా ఆయన పడక్కుర్చీ మా తమ్ముడికి. వచ్చినప్పుడల్లా అందులోనే చేరగిలబడతాడు. మొన్న కూడా చేరగిలబడి, ‘ఇంకెన్నాళ్లుంటావని అక్కా, నీకీ కుక్కా గిక్కా?’ అన్నాడు. ఆ కుర్చీని తన ఇంట్లో అద్దం ఎదురుగా వేసుకుని, అందులో కూర్చుని, ఆ మాటే తనకు తాను చెప్పుకోవాలి. వాడు నాకంటే రెండేళ్లే చిన్న.

4. ఇక కుక్క. మా ఆయన ఖాకీ బట్టలు బొంతలుగా కుట్టి, ఇచ్చివద్దామని ఆ వసతిగృహానికి వెళ్లాను. చివరి గదిలో ఒక ముసలి కుక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దాని యజమానురాలు ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదట. దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. తోచిన పేర్లన్నీ పెట్టి పిలిచారు, దేనికీ చెవి కూడా కదపలేదు. మబ్బు పట్టింది కదా అని బయల్దేరుతూ, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, ‘ఏమండీ, గొడుగు తీసుకున్నారా?’ అనేశాను. నాలుక కరుచుకునేలోపే ఆ కుక్క లేచింది. కుంటుతూ వచ్చి నా కాళ్లకు ఆనుకుని కూర్చుంది.

ఆ కుక్క పెరిగిన ఇంట్లో ఉన్నది ముసలి దంపతులిద్దరేనట. ముందు ఆయన పోయాడు. ఆవిడ పొద్దస్తమానం పిలిచిన పిలుపు అదొక్కటే అయ్యుంటుంది. అది తన పేరే అనుకుంది పిచ్చిది. పైగా ఆడకుక్క. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ తప్పు సరిచేసి ఉండదు. పిలిస్తే పలకడానికి ఇంట్లో ఒక ప్రాణం ఉంది మరి.

నాకు లేదు. ఆయన మెట్లు దిగాక వెనక్కి పిలవడం నా అలవాటు, కళ్లజోడు మరిచిపోయారనో, సంచి మరిచిపోయారనో. విసుక్కుంటూనే ఎక్కి వచ్చేవారు. ఇప్పటికీ రోజూ పిలుస్తూనే ఉన్నాను. ఆ మాట అని, చెవులు రిక్కించి నిలబడి, మళ్లీ పనిలో పడతాను. ఆ కుక్క కావాలని నాకు ఎంతగా ఉందో రాయడం చేతకావడం లేదు.

5. ‘నా తదనంతరం సదరు కుక్క మా ఆడపడుచుకు చెందాలి.’ ఈ క్లాజు నేను రాసిందే, నేనే కొట్టేస్తున్నాను. తదనంతరం అంటే ఏమిటో ఆ కుక్క ఒకసారి చూసింది. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. నేనూ ఆస్పత్రికి వెళ్లి రాకపోతే మళ్లీ అంతే. ఇంటికి రావలసిన మనిషి రాకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి తెలిసి దానికి రెండోసారి ఆ పని చేయలేను. కాబట్టి నేను ఆ కుక్కను తెచ్చుకోవడం లేదు.

6. సదరు కుక్కను మా ఆడపడుచు ఇప్పుడే తెచ్చుకోవాలి. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని లాయరు గారు తల పట్టుకున్నారు. ఈ ఒక్క క్లాజూ నేను బతికుండగానే అమలు కావాలి.

ఆడపడుచు అంటే మా ఆయన చెల్లెలు. నాకంటే బాగా చిన్నది, గుండె గట్టిది, పెళ్లి వద్దనుకుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది, మనుషుల్ని కూడా దిద్దుతుంది. ఆయన పోయినప్పుడు పేపర్లో వేయించడానికి ‘ఆయన ఇంకా ఇంటికి రాలేదు’ అని రాసిస్తే, ‘వాక్యం తప్పు వదినా’ అని కొట్టేసి ‘స్వర్గస్థులైనారు’ అని వేయించింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

ఇక నీతోనే చెబుతున్నాను అమ్మాయీ. ‘ఏమండీ అనేది పేరు కాదు వదినా, సంబోధన’ అన్నావు. నిజమే. దాన్ని మాత్రం దిద్దకు. ఆ మాటతో కొట్లవాళ్లనీ కండక్టర్లనీ పిలిచావు గాని, ఇంట్లో ఎవర్నీ పిలవలేదు నువ్వు. మొదట్లో సిగ్గేస్తుంది. నాకూ వేసింది. దాన్ని తీసుకుంటావా అని అడిగితే, ‘దానికి దుప్పటి ఉందా వదినా?’ అన్నావు. ఉంది. మీ అన్నయ్య ఖాకీ బట్టలతో కుట్టిందే.

నేను దాన్ని చూడటానికి రాను. నాకు అలవాటు పడితే మళ్లీ మొదటికొస్తుంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు, మాటల మధ్యలో దాన్ని ఒకసారి పిలు. అన్నం తిన్నారా అనో, వాన పడుతోంది లోపలికి రండి అనో. నేనేమీ మాట్లాడను. వింటాను.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం.

(సంతకం) గుండీలమ్మ

సాక్షులు:
1. గుండెకు పూచీ ఇవ్వనన్న డాక్టరు గారు
2. కుక్కల వసతిగృహం నడిపే ఆవిడ

లబ్ధి పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదట, అందుకని మా ఆడపడుచు చేయలేదు. అంతా చదివింది. సంచిలోంచి ఎర్రపెన్ను తీసి, మళ్లీ లోపలే పెట్టేసింది.