జయం వచ్చినాకే చెప్పాలంట

జూలై, మూడో ఆదివారం. హోసూరులో పొద్దంతా తుంపర. చర్చిలో పాటలు తెర మీద చూపే సాఫ్ట్‌వేర్‌ను ఉదయమే అప్‌డేట్ చేశాను.

అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా లోపం చెప్పొచ్చు, సరిచేయొచ్చు. తెలుగు ఒత్తులు విరిగి కనబడుతున్నాయని పోయిన నెల రాస్తే, దాన్ని తయారుచేసేవాళ్ళు అందరూ చూసే చోటే తప్పు ఒప్పుకున్నారు. ముఖం తెలియనివాళ్ళు కలిసి సరిచేశారు. చెప్పినందుకు నాకే కృతజ్ఞతలు చెప్పారు.

ఈరోజు, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రూతమ్మ లేచింది. "మా ఇంటాయన మళ్ళా తాగేది మొదలుపెట్టినాడు. నాకు ప్రార్థన చేసేకి కూడా మనసు రావడంలే," అంది.

సంఘపెద్ద దేవసహాయం నవ్వుతూ అడ్డుపడ్డాడు. "జయం వచ్చినాక చెప్పుమ్మా. కొత్తోళ్ళు వచ్చిండారు, మన గురించి ఏమనుకుంటారు?"

ఆమె కూర్చుంది. నేను తర్వాతి పాట తెర మీద పెట్టాను.

లోపం దాస్తే బాగుపడదని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు తెలుసు. క్షమాపణ గురించి ఇంత పాడే మాకు ఎందుకు తెలియదు?

గేటు దగ్గర అడిగాను. "వచ్చే ఆదివారం వస్తావా రూతమ్మా?"

"జయం వచ్చినాక వస్తాలేప్పా."

ఆమెకు ఫోన్ చేస్తానని ఇప్పుడే నా భార్యతో అన్నాను. "ఫోన్లో ఏం చెప్తారు? ఆడికే పోదాం రండి," అని చెప్పులేసుకొని వాకిట్లో నిలబడింది. ఈ డైరీలో ఈరోజు ఖర్చులు ఇంకా రాయలేదు, వచ్చాక రాస్తాను.