బండికి రేడియో పెట్టేటప్పుడు

ఏవండీ,

డబ్బింగ్ పొద్దున్నే పెట్టారు, వెళ్తున్నాను. మీ ఇంటర్నెట్ రేడియో డబ్బా వచ్చింది, టీవీ పక్కన పెట్టాను. మన స్కూటర్‌కి కంపెనీవాళ్లిచ్చిన స్పీకర్లకే కలపండి. సీటు కింద ఖాళీ సాకెట్ ఉందని మెకానిక్ చెప్పాడు. పిన్ను అందులో గుచ్చితే చాలు. మళ్లీ వైర్లు కోయకండి, మీకు దణ్ణం పెడతాను. కిందటిసారి మీరు కోశాక హారన్ కొట్టినప్పుడల్లా పాట ఆగిపోయేది. ఫిల్మ్‌నగర్ సిగ్నల్ దగ్గర అందరూ మనల్నే చూశారు.

ఉప్మా మూతపెట్టి ఉంచాను, తినండి. ఆరింటికి స్టూడియో గేటు దగ్గరికి రండి.

కరుణ

ఇంకోటి. నేను ఎక్కాక రేడియో సౌండ్ తగ్గించండి. రోజంతా హీరోయిన్ల మాటలే మాట్లాడతాను. నా మాటలు నేను మాట్లాడేది మీ వెనక కూర్చున్నప్పుడే.