సోమవారం కొబ్బరికాయ కొట్టకండి

కోరుట్ల,
20 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన రుక్మిణమ్మ గారికి,

నమస్కరించి నవనీత రాస్తున్నది. సిరిసిల్లలో మీరూ, మీ బిడ్డ రిషిత గారూ బాగున్నారని తలుస్తాను. నేను మీకు గుర్తుండకపోవచ్చు. కోరుట్లలో మీ టాకీస్ వెనక, కుంట గట్టున తాటిచెట్లు గీసే హన్మండ్లు గౌడ్ బిడ్డను. జగిత్యాలలో జలపతి గారనే ఇంజినీరు దగ్గర పని చేస్తున్నాను. మీకు ఫోన్ చేస్తే మీ అబ్బాయి అర్జున్ రావు గారు ఎత్తి, అమ్మకు ఇవన్నీ చెప్పొద్దన్నారు. అందుకే ఈ ఉత్తరం. మా వాడకట్టు రాజక్క రేపు వేములవాడ మొక్కుకు పోతూ సిరిసిల్ల దాకా వచ్చి మీ చేతికే ఇస్తుంది.

సోమవారం టాకీస్ కూలుస్తారు. మన దగ్గర యజమాని చేతి కొబ్బరికాయ పడనిదే పాత కట్టడానికి ఎవరూ జేసీబీ ఆనించరు. మీ వారు హనుమంత రావు గారు పోయాక టాకీస్ మీ పేరు మీదే ఉంది కనుక ఆ కాయ మీరే కొట్టాలి. దయచేసి రాకండి.

పెళ్లలు ఎక్కడ పోస్తారని కూల్చే పని తీసుకున్నతన్ని అడిగాను. "ఇంకేడ పోస్తం? పక్కకే కుంట లేదా?" అన్నాడు. పోతుంటే వెనక నుంచి, "ఏందమ్మా ఇంజినీరూ, గోడల తరఫున వకీలుగ అచ్చినవా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోయిన ఎండాకాలం ఆ కుంట చుట్టూ ఉన్న బోర్లే నీళ్లిచ్చాయి. "గా కుంట పూడితే చెట్లు నిలువయ్ బిడ్డా," అన్నాడు మా బాపు.

జలపతి గారు గోడలు చూశారు, గట్టిగా ఉన్నాయన్నారు. కిటికీల్లేని హాలు, మందపు గోడలు. మధ్యాహ్నం పూట కూడా లోపల చల్లగా ఉంటుంది. పెగడపల్లి రైతుల సంఘం పసుపు దాచుకోవడానికి అలాంటి చోటు కోసమే వెతుకుతోంది. కిరాయికి తీసుకుంటామన్నారు. కష్టాలు లేవని చెప్పను. తెర వైపు వాలిన నేలను చదును చేయాలి. పైనున్న పాత సిమెంటు రేకులను తడిపి, విరగకుండా దించాలి. పగలగొడితే ఆ పొడి వాడకట్టందరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సోమవారం అదే జరగబోతోంది.

అర్జున్ రావు గారు షాపుల కాంప్లెక్స్ కడతామంటున్నారు. బస్టాండు రోడ్డులో కట్టినవాటికే సగం షట్టర్లు తెరుచుకోవడం లేదు. ఒకసారి కాల్చిన ఇటుకను విరగ్గొట్టి కుంటలో పోసి, మళ్లీ కొత్త ఇటుక కాల్చడం, మానేరు ఇసుక ఇంకా తోడడం ఎందుకమ్మా?

టాకీస్ నడిచినన్నాళ్లూ అక్కడ సర్వపిండి అమ్ముకున్న రాజక్కకు మాత్రం వేరే బాధ ఉంది. "పసుపు బస్తాలు ఇంటర్వెల్‌ల నా సర్వపిండి కొంటయా?" అని నన్ను ఎగతాళి చేస్తోంది.

మీరు రాకపోతే సోమవారం పని ఆగుతుంది. రైతులు బుధవారం మీతో మాట్లాడటానికి వస్తారు. ఆ రెండు రోజులే అడుగుతున్నాను.

మీ మాట కోసం ఎదురుచూస్తూ,
నవనీత

తా.క. కూల్చే పని తీసుకున్నతని పేరు పైన రాయలేకపోయాను. మా అన్న ప్రేమ్‌కుమార్. జేసీబీ కొన్నాక దొరికిన మొదటి పెద్ద పని ఇది. పోయినేడు బాపు చెట్టు మీద నుంచి జారిపడ్డాడు. కుంటా చెట్లూ పోతేనే బాపు ఎక్కుడు బంద్ చేస్తడు, బతికుంటడు అంటాడు అన్న. మీరు రాకపోతే ఎవరు ఆపారని అడుగుతాడు. నా పేరే చెప్పండి.