టెక్కలి రాతిలోని బిగువు

టెక్కలి

అక్కకు, చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక్కడ మన కడప ఎండలాంటిది కాదు. సముద్రపు గాలికి ఆరేసిన బట్టలు సాయంత్రమైనా చెమ్మగానే ఉంటాయి. నేను అద్దెకున్న ఇంటావిడ అక్కుపల్లి తీరం నుంచి వచ్చే చేపలు వండి పెడుతుంది. సంగటి మాత్రం దొరకదు; వీలైతే రాగిపిండి పంపు. మొదట్లో మనవాళ్లెవరూ లేక ఏడుపొచ్చేది. ఇప్పుడు ఫర్వాలేదు.

నా పనేమిటని అడిగావు కదా. గ్రానైటు క్వారీలో రాతి లోపలి ఒత్తిడి కొలవడం. రాతికి రంధ్రం వేసి, అడుగున సాగుడు కొలిచే గోరంత పట్టీ అతికిస్తాం. తర్వాత దాని చుట్టూ తొలిస్తే మధ్య ముక్క కొండ నుంచి విడిపోయి, కంటికి ఆననంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బును బట్టి కొండ దాన్ని ఎంత నొక్కిపెట్టిందో లెక్క కడతాం. మొదటిసారి ఆ పట్టీకి తగిలించిన మిషన్లో అంకెలు కదులుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. డ్రిల్లు నడిపే అప్పన్న వంగి చూశాడు.

"ఏటి మేడంగోరూ, రాయి ఊపిరి తీత్తందేటి?"

"అలాగే అనుకో అన్నా."

పోయిన వారం క్వారీ రాతిగోడలో ఒక తెల్లటి చారకు అవతల కొలిచాను. చూడటానికి అంతా ఒకటే రాయి. కానీ అక్కడ ఒత్తిడి ఇవతలికంటే ఎన్నో రెట్లు, అదీ వేరే దిక్కుగా. పట్టీ సరిగ్గా అతకలేదేమోనని మళ్లీ చేశాం. అదే వచ్చింది. ఆ గోడ నీడలోనే పనివాళ్లు అన్నాలు తింటారు. మేనేజరుకు చెప్పాను.

"ఒక్క పగులు గీతైనా లేదు కదమ్మా" అన్నాడు.

"గీత పడ్డాక చెప్పడానికి నేనెందుకు సార్?"

ఆయన మనుషుల్ని దూరం జరిపించాడు. కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఎండలో తింటూ అందరూ నన్నే చూసేవాళ్లు. "ఈయమ్మ మాకు నీడ కూడా నేకుండా సేసింది" అంది రాళ్లు ఎత్తే పార్వతమ్మ. నా లెక్క తప్పేమోనని నాకూ దిగులు పట్టుకుంది.

నిన్న అందరూ అన్నాల దగ్గర ఉండగా తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పేల్చే మందు పెట్టలేదు, ఎవరూ తాకలేదు. తలుపంత రాతిపలక దానంతట అదే గోడ నుంచి ఎగిరి, ఇదివరకు అందరూ తినే నీడలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదక్కా, భయపడకు.

దుమ్ము అణిగింది. లోపలి రాయి తడిసినట్టు నీలంగా మెరుస్తోంది. వెలుగు దాని మీద పడటం అదే మొదలు.

"ఎన్నేల ఏళ్లనుండి ఈ బరువు మోత్తందో" అన్నాడు అప్పన్న మెల్లగా.

నేను క్యారియర్ మూత తీయడం మరిచి ఆ రాయినే చూస్తున్నాను. పార్వతమ్మ వచ్చి పక్కన కూర్చుని, తన అన్నమే కలిపి నా నోటికి అందించింది.

"తినమ్మా. నువ్వు సూత్తన్నావని రేపూ పన్లోకి వత్తాం."

రేపు మిగతా గోడ కొలవాలి. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా తల మీద చెయ్యి పెట్టినట్టుగా తలుచుకుని దీవించు.

నీ చెల్లెలు
సుజాత